తుంటి కీలు: ఏ జబ్బు ఆగదు, ఏ జబ్బుకు వ్యవధి ఉంటుంది

తుంటి నొప్పి అని చెప్పేవారిని నొప్పి ఎక్కడో చూపించమంటే చాలామంది పిరుదు మీద చెయ్యి వేస్తారు. కొందరు నడుము కింద నొక్కి చూపుతారు. ఇంకొందరు తొడ పక్కన గట్టిగా తగిలే ఎముక మీద వేలు పెడతారు. తుంటి కీలు ఈ మూడు చోట్లా ఉండదు. అది గజ్జ మడతకు వెనక, కండరాల లోతున ఉంటుంది. కీలు దెబ్బతిన్నప్పుడు నొప్పి ఎక్కువగా గజ్జలోనే మొదలవుతుంది. అక్కడి నుంచి తొడ ముందు భాగం మీదుగా దిగుతుంది. కొందరికి గజ్జలో ఏమీ తెలియదు, మోకాలు మాత్రమే నొస్తుంది. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉండటమే దీనికి కారణం. మోకాలికి ఎక్స్‌రేలు తీయించి, అంతా బాగుందని విని, కొన్ని నెలలు మాత్రలు వాడాక గానీ తుంటి వైపు చూడని ఉదంతాలు వైద్యులకు కొత్త కాదు.

కాబట్టి మొదటి పని నొప్పి ఉన్న చోటును సరిగ్గా గుర్తించడం. పిరుదు నుంచి తొడ వెనక భాగం మీదుగా పిక్క దాకా లాగుతూ, దానితోపాటు తిమ్మిరి కూడా ఉంటే వెన్నులో నరం మీద ఒత్తిడి పడుతోందేమో చూడాలి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తొడ పక్కనున్న ఎముక మీద సూటిగా నొప్పి పుడుతుంటే అది తరచుగా పిరుదు కండరాలను ఎముకకు అంటిపెట్టే పట్టీల బాధ. నడివయసు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. సరైన వ్యాయామంతో చాలామందికి తగ్గిపోతుంది, కీలుకు ఏ ముప్పూ ఉండదు. గజ్జ నొప్పి కూడా ప్రతిసారీ కీలుదే కాదు. హెర్నియా, మూత్రనాళంలో రాయి, పొత్తికడుపులోని ఇతర సమస్యలు కూడా అక్కడే బాధ పెడతాయి.

కీలులోనే లోపం ఉందని చెప్పే గుర్తులు రోజువారీ పనుల్లో దొరుకుతాయి. సాక్సు తొడుక్కోవడం, కాలి గోళ్లు తీసుకోవడం, కారులో నుంచి కాలు బయట పెట్టడం కష్టమవుతాయి. కుర్చీలో కూర్చుని మోకాలు కదపకుండా పాదాన్ని బయటి వైపుకు తిప్పితే తుంటి లోపలికి తిరుగుతుంది. దెబ్బతిన్న కీలు చాలావరకు ఈ కదలికనే అన్నిటికంటే ముందు పోగొట్టుకుంటుంది. రెండు కాళ్లనూ ఇలా తిప్పి పోల్చి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

కీలులోనే జబ్బు ఉందని తేలాక అందరూ అడిగే ప్రశ్న ఆపరేషన్ కావాలా వద్దా అని. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ జబ్బు మనకు ఎంత వ్యవధి ఇస్తుంది? తుంటి జబ్బుల్లో కొన్ని గంటల్లో కీలును పాడు చేస్తాయి. కొన్ని రోజులు, కొన్ని నెలలు ఇస్తాయి. మరికొన్ని ఏళ్ల తరబడి ఆగుతాయి. జనంలో కనిపించే తీరు మాత్రం చాలాసార్లు దీనికి తలకిందులు. నిదానంగా సాగే అరుగుదలను చూసి బెంబేలెత్తుతారు. ఒక్క వారం కూడా ఆగని జబ్బును నొప్పి మాత్రలతో నెట్టుకొస్తారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఒక సన్నని రక్తపు దారి

తొడ ఎముక పై కొన గుండ్రటి బంతిలా ఉంటుంది. కటి ఎముకలో దానికి సరిపోయే గిన్నె ఉంటుంది. రెండింటి మీదా కొద్ది మిల్లీమీటర్ల మందాన నున్నటి మృదులాస్థి పరుచుకుని ఉంటుంది. దానిలో నరాలు లేవు కాబట్టి అరుగుదల మొదలైనా తొలినాళ్లలో నొప్పి తెలియదు. రక్తనాళాలూ లేవు కాబట్టి అరిగిన భాగం మళ్లీ మునుపటిలా పెరగదు.

ఈ కీలు మోసే భారం మనం ఊహించే దానికంటే చాలా ఎక్కువ. మామూలు నడకలో ప్రతి అడుగుకూ కీలు మీద శరీర బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. కాలు తట్టుకుని తూలి నిలదొక్కుకునే క్షణంలో అది ఏడెనిమిది రెట్లకు చేరవచ్చు. బెర్లిన్‌లోని పరిశోధకులు కృత్రిమ కీళ్లలో సెన్సర్లు అమర్చి, వాటిని పెట్టించుకున్న మనుషులు నడుస్తుండగా ఈ ఒత్తిడిని నేరుగా కొలిచారు. అంత భారం ఎందుకంటే, ఒంటికాలి మీద నిలిచినప్పుడు శరీరం రెండో వైపుకు ఒరిగిపోకుండా పిరుదు పక్క కండరాలు గట్టిగా లాగి పట్టాలి. ఒక చెయ్యి పొడుగ్గా, మరో చెయ్యి పొట్టిగా ఉన్న తక్కెడ లాంటిదిది. పొట్టి చేతి వైపున్న కండరం శరీర బరువుకు రెట్టింపు బలంతో లాగితేనే ముల్లు నిలుస్తుంది. ఆ లాగుడూ బరువూ కలిసి కీలు మీదే పడతాయి. పది కిలోల బరువు తగ్గితే ప్రతి అడుగులో కీలుకు పాతిక, ముప్పై కిలోల భారం తగ్గేది ఇందుకే. చేతికర్రను నొప్పి లేని వైపు చేతితో పట్టుకోమనేది కూడా ఇందుకే. ఎదుటి వైపు నుంచి కర్ర కాస్త ఊతమిస్తే కండరం అంత గట్టిగా లాగనక్కరలేదు. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుని నడిచేవాళ్లు తరచుగా కనిపిస్తారు. వాళ్లకు ఆ కర్ర వల్ల దక్కవలసిన మేలులో చాలా భాగం దక్కదు.

భారం కంటే కూడా తుంటి తలరాతను ఎక్కువగా నిర్ణయించేది బంతికి రక్తం అందే దారి. బంతికీ తొడ ఎముక కాండానికీ మధ్య ‘మెడ’ అనే సన్నని భాగం ఉంటుంది. బంతికి కావలసిన రక్తంలో ఎక్కువ భాగం ఈ మెడ వెనక భాగాన్ని అంటిపెట్టుకుని పైకి పాకే సన్నని నాళాల గుండా వెళుతుంది. వేరే దారులు ఉన్నా వాటి వల్ల పెద్ద ఉపయోగం లేదు. ఈ నాళాలు తెగినా, నలిగినా, లోపల మూసుకుపోయినా బంతిలోని ఎముక చచ్చుబడుతుంది. పసిపిల్లల్లో చీము పట్టడం, కౌమారంలో బంతి జారిపోవడం, యువకుల్లో ఎముక చచ్చుబడటం, వృద్ధుల్లో మెడ విరగడం పైకి వేర్వేరు జబ్బులు. నాలుగింటిలోనూ ప్రాణం మీదికొచ్చేది ఈ నాళాలకే. తొందర అవసరమయ్యేది కూడా వాటి కోసమే.

పిల్లలు కుంటితే

జ్వరంతో ఉన్న పిల్లవాడు ఒక కాలు నేల మీద మోపనంటే, లంగోటా మార్చేటప్పుడు పసిబిడ్డ ఒక కాలు కదిలిస్తే చాలు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. చీములోని ఎంజైములు మృదులాస్థిని కరిగిస్తాయి, లోపల పెరిగే ఒత్తిడి రక్తనాళాలను నొక్కేస్తుంది. ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా జీవితాంతం మిగిలే అవిటితనానికి దారితీయవచ్చు. రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ చేసి, కీలులోని ద్రవాన్ని సూదితో తీసి చూస్తారు. చీము ఉంటే ఆపరేషన్ చేసి కడిగేస్తారు. జలుబు, దగ్గు తగ్గిన కొన్నాళ్లకు పిల్లలు కుంటడం, వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకోవడం కూడా మామూలే. కానీ చీము పట్టిందో, ఇది ఊరికే తగ్గిపోయే కుంటుడో ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

పది నుంచి పదహారేళ్ల లోపు, ముఖ్యంగా బరువు ఎక్కువగా ఉన్న పిల్లలు తొడలోనో మోకాలిలోనో నొప్పి అంటూ పాదం బయటికి తిప్పి నడుస్తుంటే మరో అనుమానం పెట్టుకోవాలి. ఈ వయసులో బంతికీ మెడకూ మధ్య ఇంకా పెరిగే పొర ఉంటుంది. ఆ పొర దగ్గర బంతి నెమ్మదిగా పక్కకు జారుతుంది. జారుడు కొద్దిగా ఉన్నప్పుడే స్క్రూతో బిగిస్తే సరిపోతుంది. కానీ ఇక్కడే మోకాలి నొప్పి దారి తప్పిస్తుంది. మోకాలి ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపేసిన పిల్లవాడు ఆటలో ఒక్కసారి జారి పడితే బంతి పూర్తిగా ఊడినంత పని అవుతుంది. అప్పుడు రక్తనాళాలు దెబ్బతినే ముప్పు చాలా ఎక్కువ. మోకాలు నొస్తోందని వచ్చిన ప్రతి పిల్లవాడికీ తుంటిని కదిపి చూడటం అర నిమిషం పని. అది చేయకపోవడానికి నాకు ఏ సమర్థనా కనిపించదు. జబ్బు బయటపడ్డాక రెండో వైపు తుంటిని కూడా ఎదుగుదల పూర్తయ్యే దాకా గమనిస్తూ ఉండాలి.

పుట్టుకతో బంతి గిన్నెలో సరిగ్గా కూర్చోకపోవడం ఇంకో సమస్య. ఆడపిల్లల్లో, తొలి కాన్పు బిడ్డల్లో, కడుపులో కాళ్లు కిందికి ఉండి పుట్టిన వాళ్లలో, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇది ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పుట్టగానే చేతులతో పరీక్షించే పద్ధతిని ఇటలీ వైద్యుడు ఒర్టొలానీ 1930లలో వివరించాడు. ముప్పు ఎక్కువగా ఉన్న బిడ్డలకు ఆరు వారాల వయసులో అల్ట్రాసౌండ్ కూడా చేయిస్తారు. ఆరు నెలల లోపు తెలిస్తే కాళ్లను మడిచి ఎడంగా ఉంచే పావ్లిక్ పట్టీలతో చాలామంది బిడ్డలకు ఆపరేషన్ లేకుండానే కీలు కుదురుకుంటుంది. నడక వచ్చాక, బిడ్డ పక్కకు ఊగుతూ నడుస్తుంటే గమనించి తీసుకొస్తే ఎముకలు కోసి సర్దే పెద్ద ఆపరేషన్లు చేయవలసి వస్తుంది. పసిబిడ్డ కాళ్లను నిటారుగా చాపి బిగించి గుడ్డ చుట్టడం ఈ సమస్యను పెంచుతుంది. చుట్టినా తుంటి దగ్గర వదులుగా, కాళ్లు మడుచుకునేలా ఉండాలి.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో, ఎక్కువగా మగపిల్లల్లో వచ్చే పెర్తీస్ జబ్బులో బంతికి కొంతకాలం రక్తం అందక, మళ్లీ దారులు ఏర్పడి ఎముక తిరిగి పుడుతుంది. దీనికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. ఆ వ్యవధిలో బంతి గుండ్రతనం చెడకుండా కాపాడటమే చికిత్స. చిన్న వయసులో వచ్చినవారు బాగా కోలుకుంటారు.

యువకుల్లో చచ్చుబడే ఎముక

అవాస్క్యులర్ నెక్రోసిస్ అనే జబ్బును ఇప్పుడు అందరూ ఏవీఎన్ అనే పిలుస్తున్నారు. ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్యలో, పని చేసి సంపాదించే వయసులో వస్తుంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఎముక విరగడమో, కీలు తప్పడమో జరిగి వచ్చిన వాటిని పక్కన పెడితే, ఎక్కువ కేసుల్లో కనిపించే కారణాలు రెండు: ఎక్కువ మోతాదులో వాడిన స్టెరాయిడ్లు, అతిగా మద్యం తాగడం. సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారేది), లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు), లోతైన నీటిలో పనిచేసే డైవర్ల శరీరంలో గాలి బుడగలు ఏర్పడటం కూడా కారణాలే. కొందరిలో ఏ కారణమూ దొరకదు. స్టెరాయిడ్లు వాడిన వెంటనే నొప్పి రాదు. నెలల తరువాత, ఒక్కోసారి ఏడాది రెండేళ్ల తరువాత మొదలవుతుంది. అప్పటికి ఆ మందు సంగతి రోగికి గుర్తుండదు, వైద్యుడికి చెప్పడు. కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు తీసుకున్న కొందరిలోనూ ఏవీఎన్ బయటపడినట్లు వైద్య పత్రికలు నమోదు చేశాయి. లూపస్, ఆస్తమా, అవయవ మార్పిడి వంటి వాటిలో స్టెరాయిడ్ ప్రాణాలు నిలిపే మందు. భయంతో దాన్ని ఉన్నపళంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. ఇక్కడ నిజంగా భయపడవలసింది పేరూ కూర్పూ లేని నొప్పి పొడులకు, మాత్రలకు. అవి తక్షణం హాయినిచ్చాయంటే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉందేమో అనుమానించాలి.

ఈ జబ్బులో వ్యవధి ఎక్కడ ఉందో చూడండి. ఎముక లోపల కొంత భాగం చచ్చుబడినా, బంతి కొంతకాలం గుండ్రంగానే ఉంటుంది. శరీరం చచ్చిన ఎముకను తొలగించి కొత్తది కట్టుకునే ప్రయత్నం చేస్తుంది. ఆ పని సాగేటప్పుడు లోపలి ఎముక బలహీనపడి, నడక భారానికి మృదులాస్థి కింద సన్నటి పగులు ఏర్పడుతుంది. ఎక్స్‌రేలో అది నెలవంక ఆకారంలో కనిపిస్తుంది. ఆ తరువాత బంతి కుంగిపోతుంది. కుంగడానికి ముందు, కుంగిన తరువాత అనే విభజనే ఈ చికిత్సకు ఆయువుపట్టు. కుంగక ముందు దశలో ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు, ఎమ్మారైలో మాత్రం తెలుస్తుంది. కాబట్టి స్టెరాయిడ్ లేదా మద్యం చరిత్ర ఉండి గజ్జ నొప్పి వారాల తరబడి పోకపోతే, ఎక్స్‌రే బాగుందన్న మాటతో తృప్తిపడకూడదు. ఎమ్మారై రెండు తుంట్లకూ తీయించాలి. చాలామందిలో రెండో వైపు కూడా చప్పుడు లేకుండా జబ్బు మొదలై ఉంటుంది.

తొలి దశలో ఎముకలోకి సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్ చేస్తారు. కొన్నిసార్లు దానితోపాటు ఎముక ముక్కనో, రోగి మూలుగ నుంచి తీసిన కణాలనో అమర్చుతారు. చచ్చుబడిన భాగం చిన్నదైతే ఫలితం బాగుంటుంది. బంతిలో మూడో వంతుకు మించి పాడైతే ఆశ తగ్గుతుంది. ఊతకర్రలతో నడుస్తూ భారం తగ్గిస్తే చాలు, అదే నయమవుతుందన్నది పాత నమ్మకం. దానితో నొప్పి తగ్గుతుంది గానీ కుంగడం ఆగదు. మూలకణాల చికిత్స పేరుతో పెద్ద పెద్ద హామీలు వినిపిస్తున్నాయి. కుంగిపోయిన బంతిని అవి తిరిగి గుండ్రంగా చేయలేవు. ఆ మాట స్పష్టంగా చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం తప్పు. కుంగిన తరువాత, నొప్పి భరించలేని స్థితిలో, వయసు చిన్నదైనా కీలు మార్పిడే నమ్మదగిన దారి.

పడిపోయిన పెద్దవాళ్లు

డెబ్బై ఏళ్లు దాటిన మనిషి నేల మీద జారి పడి లేవలేకపోతుంటే, ఒక కాలు పొట్టిగా మారి పాదం పక్కకు వాలిపోయి ఉంటే తుంటి దగ్గర ఎముక విరిగిందనే అనుకోవాలి. దీని వెనక ఉండేది ఏళ్లుగా గుల్లబారిన ఎముక. ఒక్కోసారి ఎముక విరిగినా ఒకదానిలో ఒకటి గుచ్చుకుని ఉండటంతో మనిషి కుంటుతూ నడవగలుగుతాడు, ఎక్స్‌రేలో కూడా గీత కనిపించదు. పడిన తరువాత గజ్జ నొప్పి తగ్గకపోతే ఎమ్మారైతో తేల్చుకోవాలి.

ఎక్కడ విరిగిందన్నది చికిత్సను నిర్ణయిస్తుంది. మెడ దగ్గర విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఇందాక చెప్పుకున్న రక్తనాళాలు తెగిపోతాయి. వృద్ధుల్లో అతికించే ప్రయత్నం చాలాసార్లు విఫలమవుతుంది కాబట్టి బంతిని తీసేసి కృత్రిమ బంతిని, లేదా మొత్తం కీలును అమరుస్తారు. అరవై లోపు వారిలో మాత్రం సొంత బంతిని కాపాడేందుకు వెంటనే సరిచేసి స్క్రూలు బిగిస్తారు. మెడకు కాస్త కింద విరిగితే అక్కడ రక్త సరఫరా బాగా ఉంటుంది, ఎముక అతుకుతుంది. ప్లేటుతోనో, ఎముక లోపల దించే రాడ్డుతోనో బిగిస్తే చాలు.

ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా అని కుటుంబాలు వెనకాడటం అర్థం చేసుకోదగిందే. కానీ తూకం వేయవలసింది ఆపరేషన్ ముప్పును మంచాన పడి ఉండే ముప్పుతో. కదలకుండా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, పుండ్లు, మతి తప్పడం వరుసగా వస్తాయి. చికిత్స అందినవారిలోనే తుంటి విరిగిన ఏడాదిలోపు మరణించేవారు చాలా దేశాల లెక్కల్లో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా ఉన్నారు. 36 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మరుసటి రోజే నిలబెట్టి నడిపించడం ఇప్పటి పద్ధతి. ఒప్పుకోదగిన ఆలస్యం ఒకటే: గుండె, ఊపిరితిత్తుల్లో వెంటనే సరిదిద్దగల లోపాన్ని సరిదిద్దడానికి పట్టేది. మిగతా వాయిదాలు రోగికి నష్టమే.

ఇంటికి పంపేటప్పుడు చాలాసార్లు మరిచిపోయే సంగతి ఎముక బలం. ఒకసారి తుంటి విరిగిన మనిషికి రెండోది విరిగే ముప్పు ఎక్కువ. తుంటి విరిగినవారికి ఏడాదికోసారి ఎముకను బలపరిచే జోలెడ్రానిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఇస్తే కొత్త విరుగుళ్లతోపాటు మరణాలు కూడా తగ్గాయని 2007లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. మూత్రపిండాల పనితీరు, విటమిన్ డి స్థాయి చూసి ఇలాంటి మందు మొదలుపెట్టాలి. ఆపరేషన్ చేసిన వైద్యుడు చెప్పకపోతే కుటుంబమే అడగాలి.

అరుగుదలకు కంగారు అక్కరలేదు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తొందరపెట్టే జబ్బులు. ఆస్టియో ఆర్థరైటిస్, అంటే అరుగుదల, అలాంటిది కాదు. నెలకూ నెలకూ తేడా తెలియనంత నిదానంగా సాగుతుంది. మధ్యలో నెలల తరబడి నొప్పి సద్దుమణగవచ్చు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్లు కనిపించి హాయిగా నడిచేవారున్నారు, కొద్దిపాటి అరుగుదలకే విలవిల్లాడేవారున్నారు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చూసి ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోనక్కరలేదు. “ఇప్పుడు చేయించుకోకపోతే తరువాత చేయడం కుదరదు” అనే మాట వింటే మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి.

ఒక మినహాయింపు చెప్పాలి. నలభై లోపు వయసులో ఉదయం లేచాక అరగంటకు మించి కీళ్లు పట్టేసి, కదిలేకొద్దీ సడలుతూ, అర్ధరాత్రి దాటాక నడుము నొప్పితో మెలకువ వస్తుంటే అది అరుగుదల కాదు, వెన్నునూ తుంటినీ బిగించే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. దీనికి కీళ్లవాత నిపుణుల దగ్గర మంచి మందులున్నాయి, ముందుగా మొదలుపెడితే కీలు నిలుస్తుంది. మరికొందరు యువకుల్లో, ముఖ్యంగా క్రీడాకారుల్లో, బంతి పూర్తి గుండ్రంగా లేకనో గిన్నె అంచు ముందుకు పొడుచుకు రావడం వల్లో రెండూ ఒరుసుకుంటాయి. ఫిజియోథెరపీతో తగ్గనివారికి కీహోల్ పద్ధతిలో ఆ ఎముకను చెక్కి సరిచేస్తారు. అయితే గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తని వలయం చిరిగిందని ఎమ్మారై చెప్పినంత మాత్రాన అదే నొప్పికి కారణం అనుకోకూడదు. ఏ నొప్పీ లేనివారిలోనూ అలాంటి చిరుగులు తరచుగా కనిపిస్తాయి.

అరుగుదలకు మొదటి మందు వ్యాయామం. పిరుదు పక్క కండరాలను, తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు, సైకిల్ తొక్కడం, ఈత. వీటి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు కాదు, రెండు మూడు నెలలు పడుతుంది, అందుకే చాలామంది మధ్యలో వదిలేస్తారు. నొప్పి మాత్రలు అవసరమైన రోజుల్లో వాడుకోవచ్చు. రోజూ వాడితే మూత్రపిండాలు, జీర్ణాశయం, గుండె మీద దెబ్బ పడుతుంది, అరవై దాటినవారిలో మరీ. గ్లూకోసమైన్ మాత్రల వల్ల మృదులాస్థి పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. కానీ అది తీసుకున్న మూడు నెలల్లోపు కీలు మార్పిడి చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ తేదీ దగ్గరలో ఉన్నవారు ఈ ఇంజెక్షన్ జోలికి పోకూడదు.

వ్యాయామాన్ని ఇంతగా చెప్పినా, దానికీ హద్దుంది. బాగా ముదిరిన అరుగుదలతో ఉన్న యాభై ఏళ్లు పైబడినవారిలో కీలు మార్పిడినీ బరువులతో చేసే వ్యాయామాన్నీ పోల్చిన డెన్మార్క్ పరిశోధన 2024లో వచ్చింది. ఆరు నెలల తరువాత ఆపరేషన్ చేయించుకున్నవారే చాలా మెరుగ్గా ఉన్నారు. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, కొద్ది దూరం కూడా నడవలేని స్థితి, మాత్రలతో నెట్టుకొచ్చే జీవితం ఎదురైనప్పుడు ఇంకా ఓర్చుకోవడంలో అర్థం లేదు. కండరాలు పూర్తిగా క్షీణించేదాకా ఆగితే ఆపరేషన్ తరువాత కోలుకోవడం కూడా కష్టమవుతుంది.

కొత్త కీలు

ఇవాళ చేస్తున్న కీలు మార్పిడికి మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. అంతకుముందు ఏనుగు దంతం, గాజు, రకరకాల లోహాలు ప్రయత్నించి ఎందరో విఫలమయ్యారు. చార్న్‌లీ కూడా మొదట గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. రెండు మూడేళ్లలో అది అరిగి, రాలిన పొడి చుట్టూ కణజాలం వాచిపోయింది. ఆ పదార్థం శరీరంలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఆయన దాన్ని తన సొంత తొడలోనే పెట్టించుకుని పరీక్షించాడు. 1962 నవంబరులో గట్టి పాలిథిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) గిన్నె, చిన్న లోహపు బంతి, ఎముక సిమెంటు కలిపి అమర్చిన కీలు నిలిచింది. 2007లో లాన్సెట్ వైద్య పత్రిక ఒక వ్యాసంలో దీన్ని శతాబ్దపు ఆపరేషన్‌గా వర్ణించింది. ఆ ప్రశంస అతిశయోక్తి కాదు.

అయితే పాలిథిలీన్ కూడా అరుగుతుంది. రాలిన సూక్ష్మ రేణువులకు శరీరం ప్రతిస్పందించే క్రమంలో కీలు చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది. 1990ల చివర్లో వచ్చిన, అణువులను మరింత గట్టిగా పెనవేసిన పాలిథిలీన్‌తో ఈ అరుగుదల బాగా తగ్గింది. లోహపు గిన్నెలో లోహపు బంతి తిరిగే కీళ్లు మాత్రం నిరాశ మిగిల్చాయి. కోబాల్ట్, క్రోమియం రేణువులు చుట్టూ కండరాలను పాడు చేశాయి, 2010లో అలాంటి ఒక రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. కొత్తది అన్న మాట విన్నప్పుడల్లా ఈ చరిత్ర గుర్తుంచుకోవాలి. ఏ కంపెనీ కీలు, ఏ పదార్థం అన్న దానికంటే అది ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది, ఎంతమందిలో నిలిచింది అని అడగడమే తెలివైన పని. పాలిథిలీన్ గిన్నెతో లోహపు లేదా సిరామిక్ బంతి ఎక్కువమందికి సరిపోతుంది.

ఎన్నాళ్లు ఉంటుంది? లాన్సెట్‌లో 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, కొన్ని దేశాల కీలు మార్పిడి నమోదు పట్టికల్లో ఉన్న కీళ్లలో 58 శాతం 25 ఏళ్ల తరువాత కూడా పనిచేస్తున్నాయి. అవి పాత తరం కీళ్లు. ఇప్పటివి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయని ఆశించవచ్చు. వయసును బట్టి లెక్క మారుతుంది. డెబ్బై దాటాక చేయించుకున్నవారిలో మళ్లీ మార్పిడి అవసరమయ్యేది దాదాపు ఐదు శాతం మందికే. యాభై ఏళ్లు దాటీ దాటని మగవారిలో అది ఇంతకంటే చాలా ఎక్కువని 2017 నాటి మరో అధ్యయనం లెక్క కట్టింది. రెండోసారి మార్చడం మొదటిదానికంటే కష్టం. చిన్న వయసులో వీలైనంత ఆగమని చెప్పడానికి ఆధారం ఇదే. ఆ వయసులోనూ నొప్పి బతుకును కుదించేస్తుంటే ఈ లెక్క చెప్పి ఆపరేషన్‌ను నిరాకరించడం న్యాయం కాదు.

ముప్పుల్లో అన్నిటికంటే కష్టమైనది ఇన్‌ఫెక్షన్. వంద మందిలో ఒకరికి వచ్చేదైనా, వస్తే కొన్నిసార్లు కీలు మొత్తం తీసి మళ్లీ పెట్టవలసి వస్తుంది. షుగరు అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, చిగుళ్లలో చీము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాలి పుండ్లు ఆపరేషన్‌కు ముందే నయం చేసుకోవడం రోగి చేతిలో ఉన్న జాగ్రత్తలు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా నాలుగైదు వారాలు మందు వాడమంటారు, బాగుంది కదా అని మధ్యలో ఆపకూడదు. కీలు జారిపోయే ముప్పు తొలి మూడు నెలల్లో ఎక్కువ. వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసినవారు ఈ కాలంలో మరీ పల్లంగా ఉన్న చోట కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, కూర్చున్న చోటి నుంచే నేల మీది వస్తువు కోసం ముందుకు వంగడం మానాలి. ముందు నుంచి చేసినా వెనక నుంచి చేసినా ఏడాది తిరిగేసరికి ఫలితంలో పెద్ద తేడా ఉండదు. సర్జన్‌కు ఏ పద్ధతి బాగా అలవాటో అదే మంచి పద్ధతి. కాళ్ల పొడవులో కొద్ది తేడా కూడా రావచ్చు. చాలావరకు కొన్ని నెలల్లో అలవాటైపోతుంది, ఎక్కువైతే చెప్పులో ఎత్తు వేసుకోవాలి.

ఆపరేషన్ జరిగిన రోజునో మర్నాడో నడిపిస్తారు. ఆరు వారాలకు చాలామంది కర్ర వదిలేస్తారు. కండరాల బలం పూర్తిగా రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆ తరువాత నడక, ఈత, సైకిల్ అన్నీ చేయవచ్చు. ఏళ్ల తరువాత కూడా కొత్త కీలు ఉన్న వైపు తొడలో కొత్త నొప్పి మొదలైనా, జ్వరంతో కీలు వాచినా అదే వారంలో చూపించుకోవాలి. నొప్పి లేకున్నా వైద్యుడు చెప్పిన వ్యవధి ప్రకారం ఎక్స్‌రే తీయించుకోవాలి, ఎందుకంటే చుట్టూ ఎముక కరగడం చాలా దూరం వెళ్లేదాకా నొప్పి పుట్టదు. ఆ ఎక్స్‌రేలో ముందుగా కనిపిస్తే ఒక్కోసారి అరిగిన పాలిథిలీన్ లోపలి భాగాన్ని మాత్రమే మార్చి సరిపెట్టవచ్చు.